కార్వాన్ అంటే ఎంత?

గోల్కొండ నుంచి పురానాపూల్‌కు వచ్చే దారిలో ఉంది కార్వాన్. కుతుబ్‌షాహీల కాలంలో బిడారులు దిగిన చోటు, వజ్రాల బేరాలు సాగిన చోటు. 1671 నాటి టోలీ మసీదు ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ రోజుల్లో పారసీ చదువుకున్నవాళ్లకు పేరు వినగానే దాని విలువ కట్టడం తెలుసు. అక్షరానికో సంఖ్య ఇచ్చే అబ్జద్ పద్ధతిలో అలిఫ్‌కు 1, కాఫ్‌కు 20, రేకు 200, గైన్‌కు 1000. కార్వాన్‌ను కాఫ్, అలిఫ్, రే, వావ్, అలిఫ్, నూన్‌గా విడదీస్తే 20, 1, 200, 6, 1, 50. మొత్తం 278.

ఈ లెక్కతోనే కవులు తారీఖులు కట్టారు. ‘యా హాఫిజ్’ అక్షరాలు కూడితే సరిగ్గా 1000. చార్మినార్ కట్టిన హిజ్రీ సంవత్సరం అదే, అంటే 1591–92. హైదరాబాద్‌లో 1905లో కన్నుమూసిన కవి దాగ్ విషయం ఇంకా అబ్బురం. ‘నవాబ్ మీర్జా దాగ్’ అన్న ఆయన పేరే కూడితే 1322. ఆయన పోయిన హిజ్రీ ఏడు అదే!

అరబ్బీ పట్టికలో 28 అక్షరాలే. పారసీ ‘పే’, ఉర్దూ ‘టే’ అందులో లేవు. అందుకని పేకు బే విలువ 2, టేకు తే విలువ 400 ఇచ్చారు. పట్టికలో లేని అక్షరం ఎదురైతే ఏం చేయాలన్నదే ఈ విద్యలో అసలు చిక్కని నా అభిప్రాయం. పైథాన్ డిక్షనరీతో ఇదే పని చేసేవాళ్లు ఈనాటికీ అక్కడే తడబడతారు.

మన వైపు దారి వేరు. రాజరాజనరేంద్రుడి పట్టాభిషేక శకవర్షం 944ను శాసనకవి వేదం, సముద్రం, నిధి అనే మాటల్లో చెప్పాడు: 4, 4, 9, కుడి నుంచి చదవాలి. 7వ శతాబ్దం నాటికే ఉన్న కటపయాదిలో మాటలు కాక అక్షరాలే అంకెలు. ధీరశంకరాభరణం అన్న రాగం పేరులో మొదటి రెండు అక్షరాలు ధ 9, ర 2. తిప్పితే 29, అంటే అది 29వ మేళకర్త రాగం. అబ్జద్‌లో అక్షరాలు తారుమారైనా మొత్తం మారదు. కటపయాదిలో స్థానం మారితే రాగమే మారిపోతుంది. నాకు ఇదే పకడ్బందీగా కనిపిస్తుంది.

ఇక కంప్యూటర్ వాడే యూనికోడ్‌లోనూ ప్రతి గుర్తుకూ ఒక సంఖ్య ఉంది: కకు 3093, రకు 3120, పొల్లుకు 3149. కంటికి మూడు అక్షరాలుగా కనిపించే కార్వాన్ కంప్యూటర్‌కు ఎనిమిది గుర్తులు. కటపయాదికి ప్రోగ్రాం రాసేవాళ్లు డిక్షనరీ ఒక్కటే పెట్టుకుంటే చాలదు. ప్రతి హల్లు తర్వాత పొల్లు ఉందేమో చూసి, ఉంటే ఆ హల్లును వదిలేయాలి, గుణింతపు గుర్తులను లెక్కలోకి తీసుకోకూడదు. అప్పుడు ర్, న్ పోయి క, వ మిగులుతాయి: 1, 4. తిప్పి చదివితే కార్వాన్ 41.