రాజు ఋణము – రైతు శిస్తు

నిజాము తన రాజ్యమున నిరంకుశ ప్రభువు. కాని సంధులచే ఆంగ్లేయులకు లోబడినవాడు. ఈ రెంటి భారమును మోసినది మన పాలమూరు, నల్లగొండ సీమల రైతు.

హైదరాబాదు కంటింజెంటు అను సైన్యము ఆంగ్లాధికారుల చేతిలోనిది. దాని జీతములు మాత్రము నిజామువి. బొక్కసము చాలక దివాణము తాలూకాలను గుత్తకిచ్చి ముందుగా రొక్కము గైకొనుచుండెను. గుత్తదారు తానిచ్చినదానికి మించి రైతునుండి రాబట్టుచుండెను. అయినను బాకీ తీరలేదు. 1853లో ఆ బాకీ నిమిత్తము కుంపిణీవారు బీరారును, మన పొరుగున నున్న రాయచూరు అంతర్వేదిని వశపఱచుకొనిరి. యుద్ధము లేకయే, లెక్కలచే సీమలు చేతులు మాఱెను.

ఆ యేటనే సాలారుజంగు దివానయ్యెను. 1857 తిరుగుబాటున ఆంగ్లేయులకు తోడ్పడినందున 1860లో అంతర్వేది తిరిగి వచ్చెను, బీరారు రాలేదు. 1902లో అది యేటికి 25 లక్షల రూపాయలకు శాశ్వతముగా కౌలుకు పోయెను. సాలారుజంగు గుత్తలను క్రమముగా తొలగించి, జీతగాండ్రగు అధికారులను నియమించి, 1865లో జిల్లాబందీ నెలకొల్పెను.

ఈ సంస్కరణమునకు నీడయు గలదు. వసూలు హక్కు పోయిన దేశముఖులకు రుసుము దక్కెను. వారిలో పెక్కురు విశాల భూస్వాములైరి. 1946లో నల్లగొండ రైతు తిరుగబడుటకు గల కారణములలో నిది యొకటి.

కావున ఇంటనున్న పాత పట్టాలను, రసీదులను పాఱవేయకుడు. రాజుల ఋణము నెవరు తీర్చిరో అవియే చెప్పును.