ఉపాధ్యాయుల ఉమ్మడి బుక్‌మార్కులు: ట్యాగు, టిప్పణి, మన్నిక

కిరణజన్య సంయోగక్రియ పాఠం చెప్పబోయే ఉపాధ్యాయురాలు ముందురోజు రాత్రి కూర్చుని నెట్‌లో మంచి వీడియో ఒకటి వెతికి పట్టుకుంటారు. తోటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడతారు. వారం తిరిగేసరికి అది పండగ శుభాకాంక్షల కింద, సెలవు సర్క్యులర్ల కింద కూరుకుపోతుంది. మరుసటి ఏడు ఆ పాఠం దగ్గరికి వచ్చేసరికి వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది. ఈ వృథా శ్రమను తప్పించే పనిముట్టు ఇరవయ్యేళ్ల కిందటే వచ్చింది. దాన్ని సోషల్ బుక్‌మార్కింగ్ అన్నారు. ఇక్కడ ఉమ్మడి బుక్‌మార్కులు అంటాను.

2003లో జాషువా షాక్టర్ ప్రారంభించిన డెలిషస్ అనే సేవ ఈ పద్ధతికి ఊపునిచ్చింది. అంతవరకు ఒకరి కంప్యూటరులో ఉండిపోయిన బుక్‌మార్కు సర్వరు మీదికి చేరింది. లింకుకు నచ్చిన ట్యాగులు తగిలించుకోవచ్చు, పక్కన నాలుగు మాటల టిప్పణి రాసుకోవచ్చు, అదే లింకును ఇంకెవరు దాచుకున్నారో చూడవచ్చు. జనమే చేసుకునే ఈ వర్గీకరణకు 2004లో థామస్ వాండర్ వాల్ 'ఫోక్సానమీ' అని పేరుపెట్టారు. 2006లో వచ్చిన డీగో అనే సేవ మరో అడుగు ముందుకు వేసింది. వెబ్ పేజీలోని వాక్యానికి రంగు పూసి, దాని మీదే వ్యాఖ్య రాసే వీలు కల్పించింది. ఈమెయిలు లేని విద్యార్థులకూ ఉపాధ్యాయులే ఖాతాలు తెరిచే ఏర్పాటు చేసింది.

అసలు చిక్కు మాటల దగ్గర వస్తుంది. ఒకే వస్తువుకు ఇద్దరు మనుషులు తమంత తాముగా ఒకే పేరు ఎంచుకునే అవకాశం 20 శాతం కూడా లేదని 1987లో జార్జ్ ఫర్నాస్ బృందం చూపింది. అయితే డెలిషస్‌ను పరిశీలించిన స్కాట్ గోల్డర్, బెర్నార్డో హ్యూబర్‌మన్‌లు 2006లో ఆశ కలిగించే విషయం చెప్పారు: ఒక పేజీని సుమారు వందమంది దాచుకున్నాక దాని ట్యాగుల నిష్పత్తులు దాదాపు కుదురుకుంటాయి. ఈ రెండూ కలిపి చదివితే మన పరిస్థితి స్పష్టమవుతుంది. ఒక మండలంలో జీవశాస్త్రం చెప్పేవాళ్లు ఇరవైమంది ఉంటే, ఒకే పేజీకి వంద బుక్‌మార్కులు ఎన్నటికీ పడవు. రాశి వల్ల వచ్చే కుదురు చిన్న సమూహానికి దక్కదు. దాన్ని ముందే కూర్చుని మాట్లాడుకుని తెచ్చుకోవాలి.

తెలుగులో ఈ అవసరం మరీ ఎక్కువ. డెలిషస్ తొలి రూపంలో ట్యాగుల మధ్య ఖాళీయే విభజన గుర్తు. అక్కడ 'కిరణజన్య సంయోగక్రియ' అని కొడితే రెండు వేర్వేరు ట్యాగులయ్యేవి. ఒకరు 'భిన్నాలు' అంటారు, ఒకరు 'భిన్నములు', మరొకరు 'ఫ్రాక్షన్స్' అంటారు. చదివేటప్పుడు మనం పట్టించుకోని తేడా ఇంకొకటుంది: 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో పొల్లు తర్వాత కనబడని విభాజకం ఒకరి కీబోర్డు వేస్తుంది, ఇంకొకరిది వేయదు. అక్షరాలను ఉన్నవున్నట్టు పోల్చే యంత్రానికి అవి రెండు మాటలు. ఆంధ్రప్రదేశ్ ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లిషు. ట్యాగులూ అలాగే జంటగా పెట్టుకోవడం నాకు సబబుగా తోస్తుంది.

దీనికి దారి కొత్తగా వెయ్యనక్కర్లేదు. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో ప్రచురించిన కోలన్ వర్గీకరణలో పుస్తకాన్ని ఒకే అరలోకి నెట్టకుండా, దాని విషయాన్ని పలు ముఖాలుగా విడదీసి చూశారు. బుక్‌మార్కుకు నాలుగు ముఖాలు చాలు: తరగతి, పాఠం, భాష, బడిలో దాని పని. నాలుగోది చాలామంది వదిలేస్తారు, నిజానికి తోటి ఉపాధ్యాయుడికి ముందు కావలసింది అదే. పాఠం ఎత్తుకోవడానికా, ప్రయోగం చూపడానికా, పునశ్చరణకా అని ట్యాగు చెప్పాలి. మిగిలినది టిప్పణి చెబుతుంది: 'మొదటి రెండు నిమిషాలు వదిలేయండి, ఆకుకు అయోడిన్ వేసే ముందు ఆపి, ఏ రంగు వస్తుందో పిల్లల్నే అడగండి.' వెతుకుడు యంత్రం ఇవ్వలేని జ్ఞానం ఇది. తరగతి గదిలో నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది.

ఇక మన్నిక. మా.గ్నోలియా అనే ఉమ్మడి బుక్‌మార్కుల సేవ 2009 జనవరిలో డేటాబేసు పాడై, వాడుకరుల సేకరణలను పోగొట్టుకుంది. డెలిషస్‌ను 2005లో కొన్న యాహూ, 2011లో దాన్ని యూట్యూబ్ స్థాపకులు చాడ్ హర్లీ, స్టీవ్ చెన్‌ల సంస్థకు అప్పగించింది. బదిలీకి అంగీకారం తెలపనివాళ్ల బుక్‌మార్కులు కొత్త సేవకు మారలేదు. చివరికి 2017లో ఇంకో బుక్‌మార్కుల సేవ పిన్‌బోర్డ్ దాన్ని 35 వేల డాలర్లకు కొని కొత్త చేర్పులు ఆపేసింది. పరిశోధకులు వాడిన కనోటియా 2013లో, సైట్‌యులైక్ 2019లో మూతపడ్డాయి. లింకుల సంగతీ అంతే. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత తెరుచుకోవడం లేదని ప్యూ పరిశోధన కేంద్రం 2024లో లెక్క చెప్పింది.

అందుకే ఏ సేవను ఎంచుకోవాలన్న ప్రశ్న కన్నా, అందులోంచి మన సొత్తు బయటికి వస్తుందా అన్న ప్రశ్నే నాకు పెద్దదిగా కనిపిస్తుంది. డెలిషస్ ఎవరి సేకరణను వారు మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దించుకోనిచ్చేది; ట్యాగులు, టిప్పణులు అన్నీ అందులోనే వచ్చేవి. అలా దించుకున్న ఫైలు ఈనాటి బ్రౌజరులోనూ తెరుచుకుంటుంది. అందులో వీడియో లింకు చచ్చిపోయి ఉండవచ్చు; అయోడిన్ వేసే ముందు ఆపి పిల్లల్ని అడగమన్న మాట మాత్రం దాని కిందే ఉంటుంది, ఇంకో వీడియోతోనైనా, వీడియో లేకుండా ఒట్టి ఆకుతోనైనా ఆ పాఠం చెప్పుకోవచ్చు.