జెనీవాకు పంపిన సంగ్రహములు: 1955 నాటి అణుశాస్త్ర మహాసభ

శాస్త్ర సభలకు వ్యాసము పంపువారు ముందుగా దాని సంగ్రహమును పంపుట నేడు సామాన్యాచారము. ఒకటి రెండు పుటలకు మించని యా సంగ్రహమును చదివి, వ్యాసమును సభలో వినిపింపదగునో, అచ్చునకు మాత్రము గ్రహింపదగునో నిర్వాహకులు నిర్ణయింతురు. పైకిది గుమాస్తాల పనివలె కానవచ్చును. కాని అణుశాస్త్ర విషయమున ప్రపంచ ప్రభుత్వములకు ఇట్టి పిలుపు మొదటిసారి వెళ్లినది 1955 లో. ఆ పిలుపునకు బదులుగా వచ్చిన కాగితములు పదునైదేండ్లుగా నిలిచియున్న రహస్యపు గోడలో కొంత భాగమును కూల్చినవి. ఆ సభకు అధ్యక్షత వహించినవాడు భారతీయుడు. మన దేశమున నెలకొన్న అణుశక్తి కేంద్రములలో కొన్ని తెలుగువారు తరతరములుగా కాపురమున్న బొంబాయి, చెంగల్పట్టు, గంజాం సీమలలోనే యుండుటచేత, ఈ సంపుటమును చదువువారికి ఆ వృత్తాంతము పరాయిది కాదు.

ఆ గోడ ఎట్లు లేచినదో ముందు తెలిసికొనవలెను. యురేనియం కేంద్రకము న్యూట్రాను తాకిడికి చీలుననుటకు ఆధారమైన ప్రయోగములను హాన్, స్ట్రాస్‌మన్ అను జర్మను రసాయనికులు 1939 జనవరిలో ప్రకటించిరి. చీలినప్పుడు కొత్త న్యూట్రానులు వెలువడునా, వెలువడినచో ఎన్ని, అనునది తరువాతి ప్రశ్న. తగినన్ని వెలువడినచో గొలుసుచర్య సాధ్యము. గొలుసుచర్య సాధ్యమైనచో బాంబునకును దారి యేర్పడును. ఈ ఫలితములను ప్రకటింపవలదని లియో సిలార్డ్ తోటివారిని వేడుకొనెను. పారిసులో జోలియో క్యూరీ బృందము అందులకు అంగీకరింపక, 1939 ఏప్రిలులో తమ లెక్కను 'నేచర్' పత్రికలో అచ్చువేయించినది. మరుసటి యేడు అమెరికాలో గ్రెగరీ బ్రైట్ పూనికపై పత్రికా సంపాదకులు ఇట్టి వ్యాసములను అచ్చొత్తుటకు ముందే ఒక సంఘమునకు చూపు కట్టుబాటు చేసికొనిరి. అది ప్రభుత్వము విధించిన నిషేధము కాదు. శాస్త్రజ్ఞులు తమ నోటికి తామే వేసికొన్న ముద్ర.

మౌనము కూడ ఒక వార్తయే యని గ్రహించినవాడు గియోర్గీ ఫ్ల్యోరొవ్. యుద్ధకాలమున సోవియట్ వైమానిక దళములో నున్న ఈ యువ శాస్త్రజ్ఞుడు, 1942 ప్రాంతమున వోరొనెజ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయములో విదేశ పత్రికలను తిరుగవేసెను. కేంద్రక విచ్ఛిత్తిని గురించిన వ్యాసములు కనబడలేదు. ఆ రంగమున పేరుమోసినవారు ఏమియు వ్రాయుట మానివేసిరి. వారందరు ఒక రహస్య కార్యమున నిమగ్నులై యుందురని ఊహించి ఆయన స్టాలినుకు లేఖ వ్రాసెను. దాచుటకై చేసిన పనియే దాచినదాని జాడను చూపినది.

యుద్ధము ముగిసినను గోడ దిగలేదు. 1946 నాటి అమెరికా అణుశక్తి చట్టము, బాంబు పనిలో భాగస్వామియగు బ్రిటనుకు సైతము సమాచారమును నిలిపివేసినది. భారతదేశపు 1948 నాటి అణుశక్తి చట్టము కూడ రహస్యమునకు పెద్దపీట వేసినది. ఆ యేడు ఏప్రిలులో అది రాజ్యాంగ పరిషత్తు చర్చకు వచ్చినప్పుడు, మైసూరు సభ్యుడు ఎస్. వి. కృష్ణమూర్తిరావు, బ్రిటిషు చట్టమున రక్షణ విషయములకు పరిమితమైన రహస్యము మన చట్టమున శాంతియుత పరిశోధనకు గూడ ఏల వర్తింపవలెనని నిలదీసెను. ఆ రెండింటిని వేరుచేయుట ఎట్లో తనకు తోచుటలేదని ప్రధాని నెహ్రూ ఒప్పుకొనెను. ఈ సంవాదము జెనీవా కథకు వెలుపలిదిగా కన్పట్టినను, నిజమునకు దాని కీలకము ఇందే కలదు. ఏడేండ్ల తరువాత సంగ్రహము వ్రాయ గూర్చున్న ప్రతి ప్రభుత్వమునకును ఎదురైన చిక్కు ఇదియే.

1953 డిసెంబరు 8 న ఐక్యరాజ్యసమితిలో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ అణుశక్తిని శాంతి కార్యములకు వినియోగింపవలెనని ప్రసంగించెను. 1954 డిసెంబరు 4 న సర్వసభ్యసభ ఒక అంతర్జాతీయ శాస్త్ర సభను జరుపుటకు తీర్మానించినది. ఏర్పాట్లకై ఏడు దేశముల సలహాసంఘము ఏర్పడినది. భారతదేశము పక్షమున హోమీ భాభా, బ్రిటను పక్షమున కాక్‌క్రాఫ్ట్, అమెరికా పక్షమున రాబీ, సోవియట్ పక్షమున స్కొబెల్త్సిన్, ఫ్రాన్సు పక్షమున గోల్డ్‌ష్మిట్, కెనడా పక్షమున లూయిస్, బ్రెజిలు పక్షమున కోస్తా రిబేరో అందులో పనిచేసిరి. వీరందరు శాస్త్రజ్ఞులు, దౌత్యవేత్తలకు అలవడిన సాగదీత వీరికి లేదు. తీర్మానమునకును సభకును నడుమ ఎనిమిది మాసములే యుండెను. మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థకు చెందిన ఆచార్యుడు వాల్టర్ విట్‌మన్ సభకు ప్రధాన కార్యదర్శియయ్యెను.

సలహాసంఘము మొదట విషయసూచికను సిద్ధపరచినది. విద్యుదుత్పత్తి, రియాక్టరుల నిర్మాణము, ముడిఖనిజములు, రసాయన ప్రక్రియలు, వైద్యమునకును వ్యవసాయమునకును ఐసోటోపుల ఉపయోగము మున్నగునవి అందులో చేరినవి. ఆయా శీర్షికల క్రింద సంగ్రహములను ముందుగను, సంపూర్ణ వ్యాసములను పిమ్మటను పంపుడని ప్రభుత్వములను కోరిరి. ఇచ్చట ఒక నియమము గమనింపదగినది. వ్యాసకర్త ఎంత గొప్పవాడైనను తనంతట తాను పంపుటకు వీలులేదు. ప్రతి కాగితమును ప్రభుత్వము ద్వారానే రావలెను. పిలుపు కూడ సమితిలోను దాని అనుబంధ సంస్థలలోను సభ్యత్వమున్న దేశములకే వెళ్లినది. అందుచేత చైనా ప్రజాప్రభుత్వమునకు ఆ సభలో చోటు లేకపోయినది. ప్రపంచ సభ యని పేరేగాని, ప్రపంచ జనసంఖ్యలో పెద్ద భాగము దానికి వెలుపలనే నిలిచినది.

సంగ్రహము వ్రాయుట యన, రహస్యములలో వేటిని బయటపెట్టవచ్చునో ముందుగా తేల్చుకొనుటయే. అమెరికా, బ్రిటను, కెనడాలు యుద్ధకాలపు రహస్యములను కలసి పంచుకొనినవి గనుక, వాటిని విడుదల చేయుటకును కలసియే ఆలోచింపవలసి వచ్చినది. పరీక్ష యెదుట కూర్చున్న విద్యార్థుల వలె ప్రతి దేశమును పక్కవాని కాగితముపై ఒక కన్ను వేసియుంచినది. తాను దాచిన విషయమును మరియొకడు చదివి కీర్తి గడించినచో ఆ దాచుట వ్యర్థము గదా! ఈ పోటీయే తలుపులను తెరచినదనుట సత్యమునకు దూరము కాదు. ఉదార హృదయమువలన తెరచుకొన్నవి కొన్ని మాత్రమే.

సభ 1955 ఆగస్టు 8 నుండి 20 వరకు జెనీవాలోని పాలే దె నాసియోఁ భవనమున జరిగినది. 73 దేశముల నుండి 1,400 మందికి పైగా ప్రతినిధులు వచ్చిరి. వేయికి మించిన వ్యాసములు చేరగా, సభలో చదువబడినవి అందులో సగమునకు లోపు. వ్యాసముల సంఖ్యలో అమెరికాదే అగ్రస్థానము. అధ్యక్ష పీఠమున భాభా ఆసీనుడయ్యెను.

ఆ వ్యాసములలో సామాన్య పాఠకునికి రుచింపని అంకెల పట్టికలే శాస్త్రజ్ఞులకు పండుగైనవి. న్యూట్రాను ఒక కేంద్రకమును తాకి చీల్చుటకు గల అవకాశమును 'బార్ను' అను కొలతలో చెప్పుదురు. చదరపు సెంటీమీటరును 1 తరువాత 24 సున్నలు గల సంఖ్యచే భాగించినచో వచ్చునది ఒక బార్ను. యురేనియం 235, ప్లుటోనియం 239 కేంద్రకములకు ఈ అంకె ఎంతయో తెలియక రియాక్టరును నిర్మింపజాలరు. అందుచేతనే అన్ని దేశములును దానిని ఏండ్ల తరబడి పెట్టెలో పెట్టి తాళము వేసినవి. జెనీవాలో అమెరికా, బ్రిటను, ఫ్రాన్సు, సోవియట్ దేశముల అంకెలను ప్రక్కప్రక్కన నుంచి చూడగా అవి చాలవరకు సరిపోయినవి. ఒకరి ముఖము ఒకరెరుగక, వేరువేరు పరికరములతో కొలిచినవారికి ప్రకృతి ఒకే జవాబు చెప్పినది. ఇన్నాళ్లు దాచిన రహస్యము ఎదుటివాని యొద్దను ఉండెనని అప్పుడు తేటపడినది.

ఇంతకంటె గంభీరమైన విషయము ప్లుటోనియమునకు సంబంధించినది. రియాక్టరులో కాలిన యురేనియము నుండి ప్లుటోనియమును వేరుచేయు ద్రావక పద్ధతి ఫ్రెంచి, అమెరికా వ్యాసములలో వెలువడినది. ఆ ప్లుటోనియము విద్యుత్తునకును పనికివచ్చును, బాంబునకును పనికివచ్చును. ట్రాంబేలో 1964 నాటికి పనిచేయనారంభించిన భారతీయ కర్మాగారము ఈ తరగతి పద్ధతినే అనుసరించినది. 1974 మే 18 న పోఖ్రానులో ప్రయోగించిన సాధనమునకు ప్లుటోనియము లభించినది కెనడా తోడ్పాటుతో నిర్మింపబడి 1960 లో పనికెక్కిన ట్రాంబే రియాక్టరు నుండి. కృష్ణమూర్తిరావు అడిగిన ప్రశ్నకు నెహ్రూ చెప్పిన సందేహము ఎంత లోతైనదో దీనివలన తెలియును. అట్లని జెనీవాలో ఆ తలుపు మూసియుంచవలసినదని వాదించుటయు సరికాదు. తెలియగోరినవారు కొంత ఆలస్యముగనైనను స్వయముగా తెలిసికొనియే యుందురు.

సోవియట్ వారు 1954 జూనులో ఓబ్నిన్‌స్కు పట్టణమున ప్రారంభించిన 5,000 కిలోవాట్ల అణువిద్యుత్కేంద్రమును గూర్చి వ్యాసము పంపిరి. అమెరికావారు కాగితముతో తృప్తిపడక, నీటితొట్టిలో నిలిపిన చిన్న రియాక్టరునే జెనీవాకు తెచ్చి చూపిరి. నీటి అడుగున వెలుగు నీలికాంతిని చూచుటకు జనులు బారులు తీరిరి. తరువాత స్విట్జర్లాండు దానిని కొనినది. ఈ తరగతికి చెందినదే మరుసటి యేడు ఆగస్టు 4 న ట్రాంబేలో పనికెక్కిన 'అప్సర'.

భారతదేశము పంపిన వ్యాసములలో భాభా వ్రాసినది ఈ దేశమున అణువిద్యుత్తుకు గల స్థానమును విచారించినది. పేడయు, పంటల వ్యర్థములును వంటచెరకుగా మండు దేశమునకు బొగ్గు, నీటిబలము మాత్రమే చాలవని ఆయన వాదము. దానికి ఊతము థోరియము. సముద్రతీరపు ఇసుకలోని మోనజైటు నుండి లభించు ఈ లోహము మన దేశమున యురేనియముకంటె మిక్కిలి సమృద్ధిగా కలదు. కేరళ తీరమునందే గాక విశాఖపట్టణము, శ్రీకాకుళము, గంజాం తీరములందును ఆ ఇసుక కలదు. గంజాం 1936 వరకు మద్రాసు రాజధానిలోనిది. ఒడిశాలో చేరిన పిమ్మటను తెలుగు పలుకు అచ్చట నిలిచియేయున్నది. ఆ జిల్లాలోని ఛత్రపురమున 1980 ల దశకములో ఇసుక ఖనిజముల కర్మాగారము వెలసినది. చెంగల్పట్టు సీమలోని కల్పాక్కములో 1985 అక్టోబరున పనికెక్కిన ప్రయోగాత్మక రియాక్టరు కూడ, చివరకు థోరియమునకు దారితీయు ఆ ప్రణాళికలోని మెట్టే.

జెనీవాలో చెప్పనివి కూడ కలవు. యురేనియం 235 ను వేరుచేయు వాయు పద్ధతి తెర వెనుకనే నిలిచినది. తేలిక కేంద్రకముల సంలీనమును గూర్చి ఏ దేశమును తన పనిని వివరింపలేదు. ఇరువది యేండ్లలో దానిని అదుపులోనికి తెచ్చు మార్గము దొరకునని భాభా అధ్యక్షోపన్యాసమున జోస్యము చెప్పెను. ఆ గడువు దాటి అర్ధశతాబ్ది గడచినను అది ఫలింపలేదు. అయినను ఆ మాట విన్న విలేఖరులు అమెరికా, బ్రిటను ప్రతినిధులను ప్రశ్నింపగా, తమ దేశములలోను అట్టి పరిశోధన సాగుచున్నదని వారు ఒప్పుకొనవలసి వచ్చినది. 1958 సెప్టెంబరులో రెండవ జెనీవా సభ నాటికి ఆ రహస్యమును విడిపోయినది.

ఆ రెండవ సభకు రెండువేలకు మించిన వ్యాసములు వచ్చినవి. మొదటి సభ వ్యాసములు 16 సంపుటములు కాగా, రెండవదానివి 33 సంపుటములు. మౌనమునకు బదులు ఇప్పుడు రొద పుట్టినది. ఏది ఎచ్చట నున్నదో వెదకుటకు మరల సంగ్రహములే శరణ్యమైనవి. అమెరికా 1948 నుండి 1976 వరకు అణుశాస్త్ర సంగ్రహముల పత్రికను నడపినది. 1957 లో ఏర్పడిన అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1970 లో సభ్యదేశములు తమ తమ సంగ్రహములను ఒకచోట చేర్చు ఏర్పాటును ప్రారంభించినది.

ఆ కాలమున తెలుగుదేశమున ఈ శాస్త్రమునకు నెలవైనది వాల్తేరు. గోదావరి మండలములోని గొరగనమూడిలో 1896 లో జన్మించి, సన్యాసియై, ప్రాగులోను, లివర్‌పూలులో చాడ్విక్ చెంతను భౌతికశాస్త్ర పరిశోధన చేసి, 1947 లో శూన్యీకరణమును గూర్చి ఇంగ్లీషున పెద్ద గ్రంథము ప్రకటించిన స్వామి జ్ఞానానంద ఆంధ్ర విశ్వవిద్యాలయమున కేంద్రక భౌతికశాస్త్ర శాఖను తీర్చిదిద్దెను. 1969 లో ఆయన గతించిన పిమ్మట అచ్చటి ప్రయోగశాలలు ఆయన పేర వెలసినవి. చాడ్విక్ న్యూట్రానును కనుగొన్నవాడు; ఆ న్యూట్రాను లెక్కలనే జెనీవాలో దేశములు పోల్చి చూచుకొన్నవి. అయినను విశ్వవిద్యాలయమున పనిచేయు పండితునకు ఇట్టి ప్రపంచ సభకు బాట ఢిల్లీ, బొంబాయి కార్యాలయముల మీదుగానే సాగవలెను.

జెనీవాలో నాలుగవ సభ 1971 లో జరిగినది. ఆ పిమ్మట ఇట్టి సభలు అణుశక్తి సంస్థ చేతికి వచ్చినవి. సంగ్రహము నేడు కంప్యూటరు ద్వారా క్షణములో వియన్నా చేరును. కాని దానితో పంపవలసిన పత్రము ఇప్పటికిని ఆ దేశపు విదేశాంగ శాఖ, లేక అణుశక్తి శాఖ వంటి అధికార స్థానము నుండి ఆమోదము పొందియే పోవలెను.