కూలి చట్టంలో లేని మనిషి

1948 మార్చిల కనీస వేతనాల చట్టం వచ్చేనాటికి మనం ఇంకా నిజాం కిందే ఉన్నం. సూర్యాపేట తాలూకా వెట్టి మీద కొట్లాడుతున్నది. చట్టం మన దాకా తర్వాత వచ్చింది. అందులో రెండు జాబితాలు. మిర్యాలగూడలో ఉన్నసొంటి రైస్‌మిల్లులు మొదటి దాంట్ల, సేద్యం రెండో దాంట్ల. కూలి రేటు కట్టడానికి మిల్లులకు రెండేండ్ల గడువిస్తే, సేద్యానికి మూడేండ్లు. ఇండ్లల్ల పనిచేసేటోళ్లు ఏ జాబితాలో లేరు.

26వ సెక్షన్ ఇంకోటి చెప్పింది: యజమానితో ఉంటూ, అతని మీద ఆధారపడ్డ కుటుంబ సభ్యులకు ఆ చట్టం వర్తించేది కాదు. అంటే ఆ చట్టంల కోదాడ పొలంల నాటేసే కూలి అక్కకు లెక్కుండేది, పక్కనే వంగిన మన ఇంటామెకు లేకుండె. మద్దతు ధర లెక్కల మాత్రం కుటుంబ శ్రమకు పద్దుంది. ఈసారి ఎకరం ఖర్చు రాసేటప్పుడు ఆమె రోజులు కూడా రాయుండ్రి.