నూరేండ్ల విశ్వేశ్వరయ్యగారు, మూసీ నది

చిన్నవారు పాదములకు మ్రొక్కినపుడు, నూరేండ్లు వర్ధిల్లుమని పెద్దలు దీవించుట మన యిండ్లలో నిత్యము విను మాట. అరువది యేండ్లు నిండినవారికి షష్టిపూర్తి చేయుదుము. ఎనుబది దాటి, వేయి పున్నములు చూచినవారికి సహస్రచంద్రదర్శనోత్సవము జరుపుదుము. అటుపైన మాత్రము మన ఆచారములు మెల్లగా సన్నగిల్లును. దీవెన అక్షరాల ఫలించి, మనుష్యుడు నిజముగా నూరేండ్ల వాకిట నిలిచినపుడు ఏమి చేయవలయునో మనకంతగా అలవాటు లేదు. 1960 సెప్టెంబరు 15వ తేదీన బెంగుళూరు నగరమునకు అట్టి అవసరము కలిగెను.

ఆ దినమున లాల్‌బాగ్ తోటలోని గాజుమందిరమున మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి శతజయంత్యుత్సవము జరిగినది. ప్రధానమంత్రి నెహ్రూగారు ఉత్సవమునకు విచ్చేసిరి. తపాలాశాఖవారు విశ్వేశ్వరయ్యగారి చిత్రముతో 15 నయాపైసల బిళ్లను వెలువరించిరి. జీవించియున్నవారి బొమ్మను తపాలాబిళ్లపై ముద్రించుట మన దేశమున అరుదైన విషయము. అంతకు రెండేండ్ల ముందు, 1958లో, స్త్రీవిద్యకై పాటుపడిన ధోండో కేశవ కర్వేగారికి నూరేండ్లు నిండినపుడు ఈ గౌరవము తొలుత దక్కినది. ఆ యిరువురును భారతరత్నములే. ఇరువురును 1962లోనే కన్నుమూసిరి.

విశ్వేశ్వరయ్యగారు పుట్టిన సంవత్సరము 1860 అని కొందరును, 1861 అని కొందరును వ్రాయుదురు. వారు అస్తమించినది 1962 ఏప్రిల్‌లో గనుక, ఏ లెక్కను పట్టినను నూరు నిండినవారే. ఈ తగవును లెక్కలవారికే విడిచెదము.

వారి యింటిపేరు తెలుగువారికి క్రొత్తది కాదు. గిద్దలూరు ప్రాంతమున, బేస్తవారిపేట దాపున, మోక్షగుండ మను గ్రామము కలదు. విశ్వేశ్వరయ్యగారి పూర్వికులు అచటినుండి మైసూరు సీమకు తరలిపోయిరి. వారు పుట్టినది చిక్కబళ్లాపుర సమీపమునగల ముద్దెనహళ్లిలో. ఊరు మారినను ఇంటిపేరు మారలేదు. ఇంటిలో తెలుగు మాటయు మారలేదు. అయినను, వారిని కన్నడిగులు తమవారని చెప్పుకొనుటలో సంపూర్ణమైన న్యాయము కలదు. తెలుగువారమైన మనము వారికి పడిన ఋణము పుట్టుకను బట్టి వచ్చినది కాదు, ఒక నదిని బట్టి వచ్చినది.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ నది హైదరాబాదు నగరముపై విరుచుకుపడెను. పదునైదు వేలమంది మరణించిరని అంచనా. వేలకొలది యిండ్లు కూలిపోయినవి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి నాశమైనది. దాని ఆవరణలోని చింతచెట్టు నెక్కినవారు సుమారు నూటయేబదిమంది బ్రతికి బయటపడిరి. నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వమువారు, నగరమును తిరిగి కట్టుట యెట్లు, నదిని అదుపులో నుంచుట యెట్లు అని ఆలోచించి, విశ్వేశ్వరయ్యగారికి కబురు పంపిరి. వారు బొంబాయి ప్రభుత్వపు కొలువును అప్పుడే విడిచి, విదేశములలో పర్యటించుచుండిరి. పర్యటనను ముగించుకొనియే, 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరిరి.

ఇచట వారు చేసిన పనిని కొంచెము నిదానించి చూడవలెను. వరద వచ్చిన ఊరిలో అందరి చూపును నదిపైననే నిలుచును. గట్లను ఎత్తు చేయుడనువారు కొందరు, అంతయు దైవికమని ఊరకుండువారు కొందరు. విశ్వేశ్వరయ్యగారు నదిని విడిచి, నదికి నీరు తెచ్చు నేలను పరీక్షింప నారంభించిరి. వానల లెక్కలు తీసిరి. మూసీ పరీవాహక ప్రాంతమున 788 చెరువులున్నవని తేల్చిరి. రమారమి చదరపు మైలునకొక చెరువు! వానిలో 221 చెరువులకు ఆనాడు గండ్లు పడినవి. మన చెరువులు గొలుసుకట్టుగా నుండునని పల్లెలలో పెరిగిన మన శ్రోతలకు చెప్పనక్కరలేదు. పై చెరువు అలుగు పారిన నీరు క్రింది చెరువునకు చేరును. ఈ యేర్పాటు కరవు దినములలో ఎంత మేలో, అతివృష్టినాడు అంత ప్రమాదము. పై కట్ట తెగినచో ఆ వెల్లువ క్రింది కట్టను తెంచును. రెండును కలిసి మూడవదానిపై పడును. నగరమునకు వచ్చినది ఒక్క వాన నీరు మాత్రమే కాదు, తెగిన చెరువుల నీరు కూడ.

ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన వారు నివేదిక సమర్పించిరి. అందలి ముఖ్యాంశము మిక్కిలి సులభమైనది. వరదను నగరములో ఎదుర్కొనరాదు, నగరమునకు ఎగువననే పట్టవలెను. మూసీపై ఒకటి, దాని ఉపనది యగు ఈసీపై ఒకటి, రెండు జలాశయములు నిర్మింపవలెను. నిండిన చెరువు కర్షకునకు కనులపండువు. కాని వరదను ఆపవలసిన జలాశయమున ఎప్పుడును కొంత చోటు ఖాళీగా నుండవలెను. రాని వరదకొరకు ఆ చోటును విడిచియుంచుటకు ప్రభుత్వమునకు ఓర్పు కావలెను, ప్రజలకు నమ్మకము కావలెను. జలాశయములతో పాటు నదికి గట్లును, నగరమునకు మురుగు కాలువలును ఆ ప్రణాళికలో భాగములే.

నివేదిక ఇచ్చిన కొలది కాలమునకే, 1909 నవంబరులో, వారు మైసూరు చీఫ్ ఇంజనీరు పదవికి వెడలిరి. నిర్మాణము తరువాతివారు చేసిరి. ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను పూర్తియైనవి. పటము గీసినవారికి కీర్తియు, కట్టినవారికి మరపును ఇచ్చుట లోకరీతి. శతజయంతి ఉపన్యాసములు సైతము ఈ రీతికి తప్పినవి కావు.

మైసూరులో వారి కృషి అందరెరిగినదే గనుక విస్తరింపము. 1912 నుండి 1918 వరకు దివానుగా నుండిరి. కృష్ణరాజసాగరము, మైసూరు విశ్వవిద్యాలయము, భద్రావతి ఇనుప కర్మాగారము వారి పేరుతో ముడిపడియున్నవి. తమ ఉద్యోగజీవితపు స్మృతులను 1951లో గ్రంథముగా ప్రకటించిరి. తొంబది దాటిన పిదపకూడ, మొకామా వద్ద గంగానదిపై వంతెన విషయమున సలహా చెప్పుటకు పూనుకొనిరి.

ఇట్టివారి పుట్టినరోజున మనవారు దీపముల కథ చెప్పుదురు. సర్కారు పనికి సర్కారు దీపము, సొంత పనికి సొంత దీపము వెలిగించుకొనెడివారట. కథ మంచిదే, పిల్లలకు చెప్పదగినదే. కాని మాకు ఆ దీపములకంటె 788 అను అంకె పైననే మక్కువ యెక్కువ. ప్రతి చెరువును లెక్కించి, ఏ కట్ట తెగెను, ఏ కట్ట నిలిచెను అని విచారించిన మనుష్యుని నిజాయితీ ఆ అంకెలో కనబడుచున్నది. దానికి కథ అక్కరలేదు.

ఆ చెరువుల సంగతి ఇంకను ముగియలేదు. జలాశయముల చుట్టును పది కిలోమీటర్లలో కట్టడములను నియంత్రించుచు 1996లో 111వ నంబరు ఉత్తర్వు వెలువడినది. 2022లో మరియొక ఉత్తర్వుతో ఆ నియంత్రణలను సడలించిరి. 2020 అక్టోబరులో కుండపోతగా వాన కురిసినపుడు హైదరాబాదులోని పల్లపు బస్తీలను ముంచినది ప్రధానముగా మూసీ కాదు. పొంగిన చెరువులు, గండి పడిన చెరువులు, ఇండ్లు లేచిన చెరువు గర్భములు. 2025 సెప్టెంబరు చివర జంట జలాశయముల గేట్లు ఎత్తగా మూసీ ఉప్పొంగి, మహాత్మాగాంధి బస్ స్టేషను ఆవరణలోనికి నీరు చేరినది. విశ్వేశ్వరయ్యగారు లెక్కించిన చెరువులలో ఎన్నింటిపై నేడు వీధులున్నవో ఆ బస్తీలవారు వ్రేలు చూపి చెప్పగలరు.

1968 నుండి సెప్టెంబరు 15ను ఇంజనీర్ల దినముగా దేశమంతటను జరుపుకొనుచున్నారు. సభలు జరుగును, విగ్రహములకు పూలదండలు పడును. సరిగా పదుమూడు దినములకు, 28వ తేదీన, ఉస్మానియా ఆసుపత్రి తోటలో ఆ పాత చింతచెట్టు క్రింద కొలదిమంది చేరి, మూసీ వరదలో పోయినవారిని తలచుకొందురు.