హృద్రోగ చరిత్రమున స్త్రీ

గుండెపోటు పురుషుల వ్యాధియనియు, అందును పెద్ద పదవులలో నుండి కార్యభారముచే నలిగెడి పురుషుల వ్యాధియనియు మనలో పెక్కుమంది నేటికిని నమ్ముచున్నారు. ఈ నమ్మకము పామరులు కల్పించినది కాదు. వైద్యుల గ్రంథములనుండియే వచ్చినది. అది యెట్లు పుట్టి యెట్లు సడలెనో కొంత విచారింతము.

లండను నగరమందలి విలియం హెబర్డెను అను వైద్యుడు 1768లో వైద్యుల కళాశాలయందొక వ్యాసము చదివెను. నడచునపుడు, ముఖ్యముగా మెట్టయెక్కునపుడు ఱొమ్మున బుట్టి, నిలిచినతోడనే శమించు బాధను వర్ణించి, దానికి 'అంజైనా పెక్టోరిస్' అని ఆయన పేరిడెను. ఆ వ్యాసము 1772లో అచ్చుపడినది. ఆయన చూచిన సుమారు నూర్గురు రోగులలో స్త్రీలు మువ్వురే. ఒకడు పండ్రెండేండ్ల బాలుడు. తక్కినవారందఱు ఏబదియేండ్లకు చేరువైన లేదా ఆ వయసు దాటిన పురుషులు. ఆ దినములలో డబ్బిచ్చి వైద్యుని చూడగలవా రెవరు, ఎవరి బాధ వైద్యుని చెవి సోకెడిది అను ప్రశ్న ఆ లెక్కలో లేదు.

మనసునకును గుండెకును గల సంబంధము మాత్రము వైద్యులు తొలినుండియు నెఱిగినదే. ప్రసిద్ధ శస్త్రవైద్యుడగు జాన్ హంటరు ఈ వ్యాధికే లోనై, తనకు కోపము తెప్పించు ప్రతివాని చేతిలోను తన ప్రాణమున్నదని చెప్పుకొనెడివాడట. 1793 అక్టోబరు 16వ తేదీన సెయింట్ జార్జి ఆసుపత్రి సభలో వాగ్వాదము జరుగగా, ఆయన ప్రక్కగదిలోనికి బోయి కూలి మరణించెను. శవమును పరీక్షింపగా గుండెకు రక్తమిచ్చు ధమనులు ఎముకవలె గట్టిపడియుండెను. ఇట్లు పౌరుషము, పదవి, పోటీ అనునవి హృద్రోగకారణములుగా లెక్కకు వచ్చినవి. వంటయింటి దుఃఖమును తూచు తూనిక అప్పటికి పుట్టలేదు.

1959లో అమెరికా వైద్యులగు ఫ్రీడ్‌మన్, రోజెన్‌మన్ అనువారు తొందరయు పోటీయు గల స్వభావమునకు 'ఏ తరగతి' అని పేరిడి, దానిని గుండెజబ్బుతో ముడిపెట్టిరి. వారి పెద్ద పరిశోధనలో చేరిన 3,154 మందియు పురుషులే. 1964లో ఆరిగాన్ రాష్ట్రపు పోర్ట్‌లండ్ నగరమున గుండెజబ్బును గూర్చి స్త్రీలకొక మహాసభ జరిగెను; దాని పేరు 'హృదయములు, భర్తలు'. భర్త గుండెను కాపాడుటయెట్లో అచ్చట భార్యలకు బోధించిరి. ఆ పేరు చదివినపుడు మాకు నవ్వు వచ్చినది. ఆ నవ్వు ఎంతోసేపు నిలువలేదు. స్త్రీల గుండెను ఈస్ట్రోజెను కాపాడునని తలచినవారు దానిని పెద్దయెత్తున ముందుగా పరీక్షించినది పురుషులపైననే యనుట మఱియొక వింత. ఎక్కువ మోతాదు పుచ్చుకొన్నవారిలో గుండెపోట్లు హెచ్చగా 1970లో దానిని మానిపించిరి.

న్యాయముగా చెప్పవలెనన్న, 1948లో మొదలైన ఫ్రేమింగ్‌హామ్ పరిశోధన స్త్రీలను విడువలేదు. 5,209 మందిలో సగమునకు మించి స్త్రీలే. ఐనను, ఱొమ్మునొప్పి గల స్త్రీలలో గుండెపోటు వచ్చినవారు తక్కువగా కనబడుటచే, స్త్రీల నొప్పి యంత ప్రమాదకరము కాదని వైద్యులు సమాధానపడిరి. ఆ పరిశోధననుండియే 1980లో హేన్స్, ఫైన్‌లీబ్ అనువారు వేఱొక సంగతి తెలిపిరి. ఉద్యోగము చేయు స్త్రీలకు గృహిణులకంటె గుండెజబ్బు చెప్పుకోదగినంత హెచ్చుగా లేదట! హెచ్చుగా నున్నది గుమాస్తాపని చేయువారిలో. అందును బిడ్డలు గలిగి, కార్మికుల భార్యలైనవారిలో. ఆదరణలేని పైయధికారి, లోపలనే మ్రింగుకొన్న కోపము, ఆ కొలువు వదలి మఱొకటి చూచుకొన వీలులేమి అనునవి వారి ప్రమాదమును పెంచినవి. ఉద్యోగమే ఆడుదానిని చెఱచునని వాదించు పెద్దలు ఈ లెక్కను చూడదగును.

లండను ప్రభుత్వోద్యోగులపై 1967లో ఆరంభమైన వైట్‌హాల్ పరిశోధనము పురుషులకే పరిమితము. ఐనను అది యొక పాతభ్రమను పోగొట్టినది: గుండెజబ్బుతో మరణించుట పైయధికారులలోకంటె అడుగు అంతస్తున నున్నవారిలో 3.6 రెట్లు హెచ్చుగా నుండెను. పొగత్రాగుట, రక్తపుపోటు మొదలగునవి ఆ భేదములో కొంతభాగమునకే కారణములు. స్త్రీలను 1985లో మొదలిడిన రెండవ విడతలో చేర్చుకొనిరి.

1991లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలకు అధ్యక్షురాలుగా నున్న వైద్యురాలు బెర్నడీన్ హీలీ ఈ యన్యాయమున కొక పేరు పెట్టెను. ఐజక్ సింగరు కథలో యెంటెల్ అను యువతి చదువుకొఱకు మగవేషము ధరించును. స్త్రీయు తన గుండెజబ్బు పురుషుని జబ్బువంటిదేయని రుజువైన పిదపనే సరియైన చికిత్స పొందుచున్నదని హీలీ వ్రాసెను. సర్కారు ధనముతో జరుగు వైద్యపరీక్షలలో స్త్రీలను చేర్చవలెనని 1993లో శాసనము వచ్చినది.

2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ పరిశోధనలో 52 దేశములవారు, మనదేశీయులును, చేరియుండిరి. మనోవేదనయు సంసారపు ఒత్తిడియు స్త్రీపురుషులిరువురికిని ప్రమాదకారణములేయని అందు తేలినది. స్త్రీలకు మొదటి గుండెపోటు పురుషులకంటె సుమారు తొమ్మిదేండ్లు ఆలస్యముగ వచ్చును. ఱొమ్మునొప్పి యిరువురికిని ముఖ్యలక్షణమేయైనను, స్త్రీలలో ఆయాసము, వికారము, వీపునను దవడలందును నొప్పి తఱచుగ తోడగును. పైత్యము చేసినదని శొంఠికషాయము త్రాగి, మరల పొయ్యిదగ్గఱకు పోవు ఇల్లాండ్రను మన మెఱుగుదుము. ఆ యింటనే యజమానికి చెమటపట్టినచో క్షణములో కారు పిలుతురు.