బాలగోపాల్ - ఏజెన్సీ భూమి

అమెరికాలో నల్లజాతి ప్రజలు సాగించిన పౌరహక్కుల పోరాటం గురించి మన విద్యార్థులు ఎంతో కొంత చదివినవారే. న్యూయార్కులో లెక్కల మాస్టారుగా ఉన్న బాబ్ మోజెస్ 1961లో మిసిసిపీకి వెళ్ళి, వోటర్ల జాబితాలో పేరు రాయించుకోవడానికి సాహసించిన నల్లవారి వెంట నడిచి తల పగలగొట్టించుకున్న కథ చెబితే తరగతిలో చీమ చిటుక్కుమనదు. కాని మన మధ్యనే గణితంలో డాక్టరేటు పుచ్చుకొని, అధ్యాపక వృత్తి వదులుకొని, ఖమ్మం జిల్లా కొత్తగూడెంలో పోలీసుల చేతిలో దెబ్బలు తిన్న మనిషిని గురించి అడిగితే సగంమంది తెల్లమొహం వేస్తారు. ఆ మనిషి కందాళ బాలగోపాల్.

జీవిత వివరాలు క్లుప్తంగా చెబుతాను. 1952లో బళ్ళారిలో పుట్టాడు. వరంగల్లులో చదివి, 1981 నుంచి కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించాడు. 1983లో పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శి అయ్యాడు. 1985లో పోలీసు అధికారి హత్యకేసులో ఇరికించి జైల్లో పెట్టారు. అదే ఏడు ఉద్యోగానికి స్వస్తి. 1989లో ప్రజాబంధు పేరు పెట్టుకున్న ముఠా అపహరించింది. ఆ ముఠా వెనక ఎవరున్నారో అప్పట్లో చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెప్పేవాడు. 1998లో మిత్రులతో కలిసి మానవ హక్కుల వేదిక స్థాపించాడు. వయసు మళ్ళే కాలంలో నల్లకోటు తొడుక్కొని హైకోర్టులో వాదించాడు. 2009 అక్టోబరు 8న చనిపోయాడు.

నా దృష్టిలో ఇందులో చర్చించవలసిన ఘట్టం ఆ నల్లకోటే. చట్టం పాలకవర్గపు ఆయుధమని చదువుకున్న మనం కోర్టు మెట్లు ఎక్కేవారిని సంస్కరణవాదులని తేలికగా తీసిపారేస్తాం. అటువంటివారు ఒకసారి భద్రాచలం ఏజెన్సీ భూమి చరిత్ర చూడాలి.

గోదావరికి ఇవతల పాల్వంచ, బూర్గంపహాడ్ నిజాం ఏలుబడి. అవతల భద్రాచలం, నూగూరు మద్రాసు రాజధానిలోని గోదావరి ఏజెన్సీ. 1959లో గాని భద్రాచలం ఖమ్మం జిల్లాలో చేరలేదు. మద్రాసు వైపు 1917 నుంచే గిరిజనుల భూమి బదిలీపై ఆంక్ష ఉంది. అయినా కోయవాని చెలక అప్పుకింద జమ అవుతూనే వచ్చింది. 1959 నాటి రెగ్యులేషన్ను 1963లో తెలంగాణాకు విస్తరించారు. దానికి అసలు పదును 1970 ఫిబ్రవరి 3న వచ్చింది. జనం నోట 1/70 అనేది దానినే. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడు మరో గిరిజనేతరునికి అమ్మినా ఆ అమ్మకం చెల్లదు. అంతకన్న ముఖ్యమైనది మరొకటి: గిరిజనేతరుని స్వాధీనంలో ఉన్న భూమి, వేరుగా రుజువయ్యేవరకు, గిరిజనుని వద్దనుంచి వచ్చిందిగానే భావించాలి.

ఈ ఒక్క వాక్యం విలువ గ్రహించండి. పూర్వం చదువురాని కోయరైతు తన తాత దున్నిన భూమి తనదేనని కాగితంతో నిరూపించుకోవాలి. కాగితాలన్నీ షావుకారు పెట్టెలో ఉంటాయి. 1/70 ఆ భారాన్ని ఎత్తి షావుకారు నెత్తిన పెట్టింది. దీన్ని సవాలుచేస్తే సుప్రీంకోర్టు 1988లో సమర్థించింది. పాలకులు దయతలచి ఇచ్చిన చట్టమా ఇది? శ్రీకాకుళం కొండల్లో తుపాకులు మోగుతున్న రోజుల్లో పుట్టిన చట్టమని మరువరాదు.

అయితే చట్టం పుస్తకంలో ఉంటే భూమి చేతికి రాదు. స్పెషల్ డిప్యూటీ కలెక్టరు తీర్పిస్తాడు; దానిపై ఏజెంటుకు అప్పీలు; ఆపైన ప్రభుత్వానికి రివిజను; ఆపైన హైదరాబాదులో రిట్టు, స్టే. ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క వకీలు, బస్సు ఛార్జీలు, పోయిన కూలి దినాలు. ఈలోగా భూమిలో పొగాకో మిరపో పండిస్తూనే ఉంటాడు వలసరైతు. లేదా గిరిజన స్త్రీ పేర పట్టా పుట్టించి బినామీగా అనుభవిస్తాడు. కింద గెలిచినవాడు పైన ఓడేది న్యాయం లేక కాదు, మాట్లాడేవాడు లేక. ఆదివాసులు, నిర్వాసితులు, కార్మికుల పక్షాన బాలగోపాల్ మాట్లాడినది ఆ పై మెట్టుమీదనే. ఎన్‌కౌంటరు జరిగితే పోలీసులపై కేసు నమోదు చేయవలసిందేనని 2009 ఫిబ్రవరిలో హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పులోనూ ఆయన వాదన ఉంది. ఆ తీర్పును సుప్రీంకోర్టు వెంటనే నిలిపివేసిందనుకోండి.

మన శిబిరంలో కొందరికి ఆయన మింగుడుపడలేదు. రాజ్యహింసను ఎండగట్టిన నోటితోనే విప్లవకారులు చేసే హత్యలనూ ప్రశ్నించాడు గనక. హక్కు ఉద్యమానికి సాధనం కాదు, మనిషికి స్వతహాగా చెందినదనే ఆయన వాదనతో నాకు పూర్తి ఏకీభావం లేదు. హక్కులు పోరాటంలోంచే పుడతాయి, 1/70 చరిత్రే సాక్ష్యం. కాని సరిహద్దు అడవికి వచ్చేసరికి ఆయన చూపే నిశితమైనదని ఒప్పుకోక తప్పదు. 2005 జూన్‌లో దంతెవాడలో సల్వాజుడుం మొదలైంది. ఊళ్ళు తగలబడి వేలాది కోయలు ఖమ్మం అడవుల్లోకి వచ్చిపడ్డారు. ఇక్కడ వాళ్ళను గుత్తికోయలన్నారు. అటవీశాఖ వాళ్ళ గుడిసెలు పీకింది. మానవ హక్కుల వేదిక అటు వెళ్ళి జుడుం చేసిన హత్యలనూ, మావోయిస్టులు చేసినవాటినీ నమోదుచేసింది. అటవీహక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబరు 13కు ముందు సాగులో ఉన్నవారికే పట్టా అన్నది. జుడుం మొదలైన ఆరునెలలకే గీత గీశారన్నమాట! ఆ తరువాత ప్రాణాలు చేతబట్టుకొని పారిపోయి వచ్చి పోడు కొట్టుకున్నవాడు ఆక్రమణదారే. అటువంటివాణ్ణి ఏ ఉద్యమం లెక్కలో వేసుకుంటుంది? హక్కు మనిషికి చెందినదన్నవాడే వేసుకుంటాడు.

బాలగోపాల్ పోయిన అయిదేళ్ళకు, 2014లో, పోలవరం ముంపు పేరిట ఖమ్మం ఏజెన్సీ మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణాలో ఉండిపోయింది. ఆనుకొని ఉన్న ఎటపాక అటు పోయింది. 1/70 రెండుచోట్లా అమలులోనే ఉంది. 2019 జనవరి 1 నుంచి ఎటపాక కోయవాని రిట్టు అమరావతికి పోవాలి, భద్రాచలం కోయవానిది హైదరాబాదుకు.